సముద్ర తాబేళ్ల రక్షణకు ట్రాల్ వలే కీలకం

(ప్రత్యేక వ్యాసం)

అమరావతి: ఇచ్ఛాపురం నుంచి తడ వరకు విస్తరించిన ఆంధ్రప్రదేశ్ సముద్ర తీరంలో ఏటా డిసెంబరు మొదలుకొని మార్చి వరకు రెండు దృశ్యాలు పక్కపక్కనే కనిపిస్తాయి. అటవీ శాఖ సిబ్బంది, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు రాత్రివేళ తీరం వెంట నడుస్తూ, ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో పెట్టిన గుడ్లను సేకరించి కంచె వేసిన సంరక్షణ కేంద్రాలలో భద్రపరుస్తుంటారు. అదే ఇసుకపై, గుడ్లు పెట్టవలసిన పెద్ద తాబేళ్లు కళేబరాలై కొట్టుకువస్తుంటాయి. 2025 జనవరిలో కాకినాడ తీరంలో ఇటువంటి మరణాలు వెలుగులోకి వచ్చినప్పుడు అటవీ, పర్యావరణ శాఖల మంత్రి కూడా అయిన ఉప ముఖ్యమంత్రి శ్రీ పవన్ కల్యాణ్ కారణాలపై విచారణకు ఆదేశించారు. అదే నెలలో పొరుగున ఉన్న తమిళనాడులో చెన్నై పరిసర తీరానికి వెయ్యికి పైగా తాబేళ్లు మరణించి చేరగా, జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది.

నీటిలో పెరిగే ప్రాణి నీటిలో మునిగి చనిపోవడమేమిటన్న సందేహం సామాన్య పాఠకునికి కలగడం సహజం. తాబేలుకు మొప్పలు లేవు. మనవలెనే ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి అది. నిశ్చలంగా ఉన్నప్పుడు చాలాసేపు నీటి అడుగున ఉండగలదు గాని, వలలో చిక్కి పెనుగులాడుతున్నప్పుడు దేహంలోని ప్రాణవాయువు త్వరత్వరగా ఖర్చయిపోతుంది. ట్రాల్ వల పనితీరు దీనికి తోడవుతున్నది. మరపడవ వెనుక ఇనుప తాళ్లతో లాగే ఈ వల, రెండు వైపులా కట్టిన పలకల సాయంతో నోరు తెరుచుకొని సముద్రపు అడుగును ఊడ్చుకుంటూ పోతుంది. నోటిలో ప్రవేశించినదంతా గొంతు వంటి ఇరుకు భాగం గుండా వెనుకనున్న సంచిలోకి చేరుతుంది. వలను పైకి లాగడానికి రెండు మూడు గంటలు, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. అమెరికాలో జరిగిన పరిశీలనలలో వల లాగే వ్యవధి గంట దాటనంత వరకు తాబేళ్ల మరణాలు దాదాపు లేవనీ, ఆ పైన వేగంగా పెరిగి, 200 నిమిషాలు దాటిన సందర్భాలలో చిక్కినవాటిలో సుమారు సగం చనిపోయాయనీ తేలింది. రొయ్య కోసం వేసిన వలలో 40 కిలోల తాబేలు పడటం మత్స్యకారుడు కోరుకున్నది కాదు. దాని బరువుకు వల చిరుగుతుంది, సంచిలోని రొయ్య నలుగుతుంది.

ఇలా మరణిస్తున్న తాబేళ్లు ఎన్ని అన్న ప్రశ్నకు కచ్చితమైన సమాధానం లభించకపోవడానికి గల కారణం గమనార్హం. సముద్ర తాబేళ్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని వేటాడితే 3 నుంచి 7 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడుతుంది. చట్టం ఇంత కఠినంగా ఉండటం అవసరమే. అయితే ఉద్దేశం లేకుండా వలలో చచ్చిన తాబేలు కనిపించినప్పుడు పడవలోని కళాసీకి ముందుగా గుర్తుకు వచ్చేది కేసే. కనుక దానిని మారు మాట్లాడకుండా సముద్రంలోకి జారవిడుస్తాడు. హార్బరులో దిగిన తరువాత ఆ మాట ఎత్తడు. ఫలితంగా గాలి, ప్రవాహం అనుకూలించి ఒడ్డుకు చేరిన కళేబరాలే మనకు లెక్కగా మిగులుతున్నాయి. నడిసముద్రంలో మునిగిపోయినవి ఏ రికార్డులోనూ ఉండవు.

భయం వల్ల మరొక నష్టం కూడా జరుగుతున్నది. వలలో కదలిక లేకుండా కనిపించిన ప్రతి తాబేలూ చచ్చినది కాదు. ఊపిరితిత్తులలో నీరు చేరి స్పృహ తప్పినది కావచ్చు. పొట్ట భాగం కిందికి ఉండేలా పడుకోబెట్టి, వెనుక భాగాన్ని జానెడు ఎత్తున ఉంచి, నీడలో తడిగుడ్డ కప్పి కనీసం 4 గంటలు, అవసరమైతే 24 గంటల వరకు వేచి చూడాలని అమెరికా నిబంధనలు చెబుతున్నాయి. కోలుకున్న తాబేలును ఇంజను ఆపి నెమ్మదిగా నీటిలోకి వదలాలి. సోదాలు జరుగుతాయన్న శంక ఉన్న పడవలో తాబేలును ఒక రోజంతా ఎవరు ఉంచుకుంటారు? శ్రీకూర్మంలో కూర్మనాథుని కొలిచే ఉత్తరాంధ్ర తీరంలో, వలలో పడిన తాబేలుకు దండం పెట్టి వదిలివేయడం పాత తరం మత్స్యకారులకు తెలియని ఆచారమేమీ కాదు.

తాబేళ్లు ఎప్పుడు, ఎక్కడ ఉంటాయో తెలిస్తే సమస్య స్వరూపం మరింత స్పష్టమవుతుంది. ఒడిశాలోని గహిర్‌మఠ, రుషికుల్య తీరాలు ఆలివ్ రిడ్లేలు లక్షల సంఖ్యలో ఒకేసారి గుడ్లు పెట్టే స్థలాలు. 2025 ఫిబ్రవరిలో ఒక్క రుషికుల్య తీరంలోనే దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టినట్లు నమోదైంది. గంజాం జిల్లాలోని ఆ తీరానికి మన శ్రీకాకుళం జిల్లా సరిహద్దు ఎంతో దూరం కాదు. అక్కడ ఉపగ్రహ పరికరాలు అమర్చిన తాబేళ్లు తూర్పు తీరం వెంట దక్షిణంగా శ్రీలంక జలాల వరకు ప్రయాణించినట్లు శాస్త్రజ్ఞులు గుర్తించారు. 2021 మార్చిలో ఒడిశాలో గుర్తింపు బిళ్ల తొడిగిన ఒక తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించడం విశేషం. మన రాష్ట్రంలో కాకినాడ సమీపంలోని హోప్ ఐలాండ్, కృష్ణా జిల్లా నాగాయలంక ప్రాంతం, బాపట్ల సూర్యలంక, విశాఖ తీరం వంటి చోట్ల విడివిడిగా గుడ్లు పెట్టే తాబేళ్లున్నాయి. వాటికి తోడు ఒడిశాకు వెళ్లేవీ, అక్కడి నుంచి తిరిగి వచ్చేవీ మన జలాలనే దారిగా చేసుకుంటున్నాయి. రుషికుల్యలో రాసి ఎంత పెరిగినా, ఆ రాసికి దారిలో కాపలా కాయవలసిన బాధ్యతలో మన వాటా చిన్నది కాదు.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15న ప్రారంభమై జూన్ 14 వరకు అమలులో ఉంటుంది. 2015 నుంచి దీని వ్యవధి 61 రోజులు. ఈ కాలంలో ఉపాధి కోల్పోయే మత్స్యకార కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2025లో రూ. 10 వేల నుంచి రూ. 20 వేలకు పెంచింది. ఆ ఏడాది ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు దీనిని ప్రారంభించిన విషయం విదితమే. చేపల సంతానోత్పత్తిని దృష్టిలో ఉంచుకొని నిర్ణయించిన ఈ నిషేధం ఆ పనిని చేస్తున్నది. తాబేళ్లు జతకట్టడానికి, గుడ్లు పెట్టడానికి తీరం చేరేది నవంబరు, డిసెంబరు నెలల నుంచి. మార్చి దాటేసరికి ఆ సందడి చాలావరకు ముగుస్తుంది. అంటే పడవలు ఒడ్డుకు చేరే నాటికి తాబేళ్లు సముద్రంలోకి మళ్లుతున్నాయి. వేట విరామం ఉన్నది కనుక తాబేళ్లకూ రక్షణ ఉన్నదని అనుకోవడం పొరపాటు. ఒడిశా ప్రభుత్వం ఈ తేడాను గుర్తించి ధామ్రా, దేవి, రుషికుల్య నదీ ముఖద్వారాల వద్ద నవంబరు 1 నుంచి మే 31 వరకు 7 నెలలపాటు, తీరం నుంచి 20 కి.మీ. మేర చేపల వేటను నిషేధిస్తున్నది. ఆ నిషేధం వల్ల నష్టపోయే మత్స్యకారులలో పూరీ, గంజాం తీరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయన్నది మరచిపోరాదు.

మన రాష్ట్రంలో అంతటి సుదీర్ఘ నిషేధం అవసరమా అన్నది వేరు చర్చ. ఉన్న నిబంధన ఒకటి పూర్తిగా అమలైతే చాలావరకు మేలు జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం కింద తీరం నుంచి 8 కి.మీ. లోపలి జలాలు సంప్రదాయ పడవలకు ప్రత్యేకించినవి. మరపడవలు ఆ పరిధిలో వేటాడరాదు. జతకట్టే కాలంలో తాబేళ్లు ఎక్కువగా గుమికూడేది తీరానికి దగ్గరి నీటిలోనే. మేలైన రొయ్య దొరికేదీ అక్కడే కావడంతో, రాత్రివేళ గీత దాటి లోపలికి వచ్చే పడవలపై సంప్రదాయ మత్స్యకారుల ఫిర్యాదులు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. అటువంటి రాత్రులలో తెప్పవాని వలలూ తెగుతాయి, తాబేళ్లూ చస్తాయి. ఈ ఒక్క విషయంలో పర్యావరణవేత్త కోరేది, చిన్న మత్స్యకారుడు కోరేది ఒకటే. అయినా ఇరువురూ ఒకే వేదికపై మాట్లాడిన సందర్భాలు తక్కువ.

గుడ్ల సంరక్షణకు వద్దాం. పత్రికా ప్రకటనలు రాసే ఉద్యోగంలో ఉన్నవారికి ఒక సంగతి అనుభవమే. తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే కార్యక్రమానికి ప్రముఖులు వస్తారు, ఫొటోలు వస్తాయి, మరునాడు అన్ని పత్రికలలోనూ అచ్చవుతాయి. వలకు కుట్టే ఇనుప చట్రాన్ని ఫొటో తీయడానికి మాత్రం ఎవరూ రారు. ఈ వ్యత్యాసం మన ఆలోచనపై కూడా ప్రభావం చూపింది. ఒక ఆడ తాబేలు ఒకసారికి 100 నుంచి 120 వరకు గుడ్లు పెడుతుంది. పుట్టిన పిల్లలలో వెయ్యికి ఒకటి పెద్దదయితే గొప్పే. అది గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లకు పైబడి పడుతుంది. అటువంటి తాబేలు ఒకటి వలలో చనిపోతే, ఆ ఖాళీని పూడ్చడానికి ఎన్ని గూళ్లు, ఎన్ని సంవత్సరాలు కావాలో లెక్క వేసుకోవచ్చు. 1987లో అమెరికా శాస్త్రజ్ఞులు లాగర్‌హెడ్ అనే మరొక జాతి తాబేళ్లపై సరిగ్గా ఈ లెక్కే వేశారు. తీరంలో గుడ్లన్నింటినీ కాపాడినా సరే, సముద్రంలో ఎదిగిన, ఎదుగుతున్న తాబేళ్ల మరణాలు తగ్గకుంటే ఆ జాతి క్షీణత ఆగదని వారు తేల్చారు.

మెక్సికో అనుభవం దీనికి దగ్గరగా ఉన్నది. ఆలివ్ రిడ్లేకు స్వయానా చెల్లెలి వంటి కెంప్స్ రిడ్లే అక్కడి రాంచో న్యూవో తీరంలో గుడ్లు పెడుతుంది. 1947లో ఒకే రోజు దాదాపు 40 వేల తాబేళ్లు ఆ తీరానికి వచ్చినట్లు అప్పట్లో తీసిన ఒక చలనచిత్రం ఆధారంగా అంచనా వేశారు. గుడ్లను మూటలు కట్టి అమ్ముకోవడంతో మొదలైన పతనాన్ని ఆపడానికి 1966 నుంచి మెక్సికో ప్రభుత్వం సాయుధ కాపలా పెట్టింది. కాపలా ఉండగానే సంఖ్య పడిపోతూ వచ్చి, 1985 నాటికి ఏడాది మొత్తంలో గుర్తించిన గూళ్లు 702కు దిగజారాయి. ఆ తరువాత ట్రాల్ వలలలో తాబేళ్లు తప్పించుకునే పరికరం తప్పనిసరి కావడంతోపాటు తీర రక్షణ కూడా కొనసాగగా, 2009 నాటికి గూళ్లు 20 వేలు దాటాయి. 2010 తరువాత ఆ పెరుగుదల అదే వేగంతో సాగలేదన్నది కూడా చెప్పవలసినదే. అయినా ఇరవై ఏళ్ల కాపలా ఒంటరిగా ఇవ్వని ఫలితం, వల మారిన తరువాత కనిపించింది.

ఈ పరికరాన్ని టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్ అని, క్లుప్తంగా టెడ్ అని వ్యవహరిస్తున్నారు. దీని నిర్మాణం చాలా సాధారణం. వల గొంతులో, సంచికి ముందు, ఏటవాలుగా ఒక లోహపు కమ్మీల చట్రాన్ని కుడతారు. రొయ్యలు, చిన్న చేపలు కమ్మీల మధ్య నుంచి సంచిలోకి పోతాయి. తాబేలు కమ్మీలకు తగిలి, వాటి వాలు వెంట జారి, వలకు ఉంచిన ద్వారం గుండా బయటపడుతుంది. దీనికి మూలం శాస్త్రజ్ఞుల ప్రయోగశాల కాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి చెందిన సింకీ బూన్ అనే రొయ్యల మత్స్యకారుడు, తన వల నిండా జెల్లీ చేపలు పడుతున్నాయన్న విసుగుతో 1960 దశకం చివరిలో తయారు చేసుకున్నది. అయినప్పటికీ దానిని అక్కడి ప్రభుత్వం తప్పనిసరి చేసినప్పుడు తోటి మత్స్యకారులే ఎదురుతిరిగారు. 1989 జులైలో టెక్సాస్ తీరంలో రొయ్య పడవలను నౌకా మార్గాలకు అడ్డంగా నిలిపి నిరసన తెలిపారు. కొత్త పరికరాన్ని శంకించడం మన హార్బరులకే పరిమితమైన గుణం కాదు.

కాగా, మన మత్స్యకారుల శంకలో బలం లేకపోలేదు. అమెరికా పడవ కేవలం రొయ్య కోసమే వల వేస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం హార్బరుల నుంచి బయలుదేరే పడవ రొయ్యతోపాటు పెద్ద చేపనూ ఆశిస్తుంది. కమ్మీల మధ్య పట్టని చేప తాబేలు దారినే వెళ్లిపోతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన జలాలకు అనువుగా రూపొందించిన చట్రంతో జరిపిన పరీక్షలలో రొయ్యల నష్టం 1 శాతం లోపు, మిగిలిన చేపల నష్టం 3 శాతం చేరువలో ఉన్నట్లు వెల్లడైంది. కాగితంపై ఇది స్వల్పమే. మన పడవలపై నెల జీతాలు లేవు. డీజిలు, ఐసు ఖర్చులు పోను మిగిలినదే వాటాలుగా పంచుకుంటారు. ఆ మిగిలిన దానిలో 3 శాతం కాదు, మొత్తం పట్టుబడిలో 3 శాతం పోతుంది. లాభం సన్నగా ఉన్న ట్రిప్పులో అది కళాసీ ఇంటి ఖర్చుకే తగలవచ్చు. చెత్త, కొమ్మలు కమ్మీలకు అడ్డుపడితే రొయ్య కూడా ద్వారం గుండా జారిపోతుందన్న ఫిర్యాదు సైతం ఉంది. గతంలో ఈ చట్రాలను ఉచితంగా పంపిణీ చేసినప్పటికీ అవి వాడుకలో నిలవకపోవడానికి కారణం ఇక్కడే వెదకాలి. చట్రం ఇచ్చారు గాని, నష్టం ఎవరు భరిస్తారన్న ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు.

జవాబు లేకపోవడానికి అంతర్జాతీయ వాణిజ్యంలోని ఒక మలుపు కూడా కారణమైంది. తాబేళ్లకు హాని చేసే పద్ధతిలో పట్టిన రొయ్యను దిగుమతి చేసుకోరాదని అమెరికా 1989లో చట్టం చేసి, 1996 నుంచి అన్ని దేశాలకూ వర్తింపజేసింది. భారత్, మలేషియా, పాకిస్థాన్, థాయిలాండ్ దేశాలు దీనిపై ప్రపంచ వాణిజ్య సంస్థను ఆశ్రయించాయి. అమెరికా దేశాలవారీగా వివక్ష చూపిందని 1998లో అప్పీలు సంఘం తేల్చింది. తాబేళ్లను కాపాడే లక్ష్యాన్ని మాత్రం తప్పుపట్టలేదు. అమెరికా తన మార్గదర్శకాలను సవరించుకోగా 2001లో అదే సంఘం వాటిని ఆమోదించింది. తీర్పులోని మొదటి సగాన్ని మన దేశంలో విజయంగా చెప్పుకున్నంతగా రెండవ సగాన్ని చర్చించుకోలేదు. ఇంతలో చెరువు రొయ్య వచ్చి ఒత్తిడిని తగ్గించింది. చెరువులో పెంచిన రొయ్యకు ఈ ఆంక్ష వర్తించదు. చెరువు రొయ్యల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉన్న మన రాష్ట్రం ఎగుమతులు నిరాటంకంగా పెరిగాయి. 2019లో భారతదేశపు సముద్ర రొయ్యను అమెరికా నిషేధించినప్పుడు భీమవరం చెరువుగట్టున ఎవరికీ నిద్ర చెడలేదు. దెబ్బ తగిలింది కాకినాడ రేవులో వల లాగేవారికి. పెద్ద కొనుగోలుదారు ఒకరు తప్పుకున్న సంతలో ధర ఎవరి చేతికి పోతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే టెడ్‌కు, మత్స్యకారుని ఆదాయానికి సంబంధం ఏర్పడుతున్నది. చట్రం వల్ల 3 శాతం చేప పోవచ్చు. చట్రం లేనందువల్ల రొయ్యకు పోయిన ధర ఎంతో కూడా లెక్కలోకి తీసుకోవాలి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ, మత్స్య సాంకేతిక సంస్థ కలిసి అమెరికా నిపుణుల సహకారంతో కొత్త నమూనాలను రూపొందించి తీర రాష్ట్రాలలో ప్రదర్శించాయి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద చట్రం ఖర్చును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలే పంచుకునే వీలు కల్పించారు. కనుక కొనుగోలు భారం ఇక ప్రధాన సమస్య కాదు. అమర్చిన చట్రం డిసెంబరులో, రాత్రివేళ, ఒడ్డుకు కనిపించని దూరంలో కూడా వలలో ఉన్నదా, లేక విప్పి డెక్కుపై పడవేశారా అన్నదే సమస్య. సముద్రంలో తనిఖీకి మత్స్య శాఖకు, మెరైన్ పోలీసులకు, కోస్ట్ గార్డ్‌కు ఉన్న పడవలు ప్రతి వలనూ చూడలేవు. డీజిలు రాయితీని, ఇతర సాయాలను చట్రం వాడకంతో ముడిపెట్టడం ఒక మార్గం. చట్రం ఉన్న పడవ వలలో ప్రమాదవశాత్తు తాబేలు చిక్కి, ఆ సంగతిని సిబ్బంది తామే తెలియజేస్తే వారిపై నేర దృష్టి చూపబోమన్న స్పష్టమైన భరోసా మరొకటి. రెండవది లేకుండా మొదటిది అమలు చేస్తే, దాపరికం మరింత పెరుగుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తాబేళ్ల మరణాలన్నింటికీ ట్రాల్ వలనే బాధ్యం చేయడం కూడా న్యాయం కాదు. గిల్ వలలలో చిక్కేవీ, పడవల పంకాలు తగిలి గాయపడేవీ ఉన్నాయి. తీరపు కోత వల్ల, దీపాల వెలుగు వల్ల గుడ్లు పెట్టే చోటు కోల్పోయేవీ ఉన్నాయి. వీటిలో చాలావాటికి పరిష్కారం క్లిష్టమైనది, దీర్ఘకాలం పట్టేది. ట్రాల్ వలకు మాత్రం పరికరం సిద్ధంగా ఉన్నది, పద్దు ఉన్నది, చట్టంలో గీత కూడా ఉన్నది.

అనువైన సమయం సైతం ఉన్నది. వేట విరామం పాటించే 61 రోజులూ మరపడవలు హార్బరులోనే ఉంటాయి. ఇంజన్లకు మరమ్మతులు, చెక్కకు రంగులు, జెట్టీపై పరిచిన వలలకు అతుకులు ఆ రోజులలోనే జరుగుతాయి. వల అల్లేవారు, సరంగు, యజమాని ముగ్గురూ ఒకేచోట దొరికేది అప్పుడే. చట్రాన్ని ఎంత వాలుగా కుట్టాలో, ద్వారానికి పైకప్పు ఎంత వదులుగా ఉండాలో చేతితో చూపించవలసినదీ అప్పుడే. జూన్ 15న పడవలు మళ్లీ హార్బరు దాటుతాయి. తాబేళ్లు తీరానికి చేరడానికి అప్పటికి ఇంకా అయిదారు నెలల వ్యవధి ఉంటుంది.